నొక్కే ముందు చదివే మాట: శంషాబాద్ విమానాశ్రయ నిర్వాహకులకు, విమానయాన సంస్థలకు, ఆర్టీసీకి బహిరంగ లేఖ

రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయాన్ని నిర్వహిస్తున్న జీఎంఆర్ సంస్థకు, అక్కడి నుంచి విమానాలు నడిపే సంస్థలకు, విమానాశ్రయానికి బస్సులు నడిపే తెలంగాణ రోడ్డు రవాణా సంస్థకు:

2008 మార్చి 23న పౌర విమానాల రాకపోకలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారిన నాటికి ప్రయాణికుల పనుల్లో ఎక్కువ భాగం నోటిమాటతోనే జరిగేవి. కిటికీ పక్క సీటు కావాలంటే కౌంటరు దగ్గర అడిగేవారు, టికెట్ రద్దు చేసుకోవాలంటే ఏజెంటు దగ్గరకు వెళ్లేవారు, అర్థం కానిది ఎదురైతే సిబ్బందిని తెలుగులోనో ఉర్దూలోనో హిందీలోనో అడిగి తెలుసుకునేవారు. ఏడాదికి 1.2 కోట్ల మంది వస్తారన్న లెక్కతో మొదలైన టెర్మినల్‌ను తర్వాత 3.4 కోట్ల మందికి సరిపడేలా విస్తరించారు. 2023–24లో రెండున్నర కోట్ల మంది అక్కడి నుంచి రాకపోకలు సాగించారు. అంతమందితో కౌంటరు దగ్గర మాట్లాడటం ఏ సంస్థ వల్లా కాదు కనుక ఆ సంభాషణలో చాలా భాగం ఫోన్ తెర మీదికి చేరింది. కాగితపు బోర్డింగ్ పాస్‌తో పని లేని ఈ-బోర్డింగ్‌ను 2015లో దేశంలో అందరికంటే ముందు ప్రవేశపెట్టింది ఈ విమానాశ్రయమే. ప్రయాణికులను తెరకు అలవాటు చేయడంలో ముందు నడిచినవారి మీద, ఆ తెర మీది మాట ఎలా ఉండాలన్న విషయంలోనూ ముందు నడవవలసిన బాధ్యత ఉందనడం అన్యాయం కాదు.

ఈ లేఖ ఆ మాటను గురించినదే. వెబ్ పుటలోగానీ యాప్‌లోగానీ చదువరిని ఒక పనికి పురికొల్పడానికి, సాధారణంగా రంగు గడిలో, రెండు మూడు పదాల్లో రాసే వాక్యాన్ని వ్యాపార పరిభాషలో ‘కాల్ టు యాక్షన్’ అంటారు. ఇక్కడ దానిని బటన్ మాట అనుకుంటే సరిపోతుంది. ప్రకటనల రంగం దీనిని ఎరగా చూస్తుంది: వందమంది పుట తెరిస్తే ఎంతమంది నొక్కారన్నదే అక్కడ కొలత. అయితే ఒక చొక్కా అమ్మే దుకాణంలో చెల్లిన ఈ కొలత విమానాశ్రయంలో చెల్లదు, ఎందుకంటే ఇక్కడ ప్రతి బటన్ వెనుకా గడువో, డబ్బో, వ్యక్తిగత సమాచారమో ఉంటుంది. దేశీయ విమానాలకు చెక్-ఇన్ కౌంటర్లు సాధారణంగా బయలుదేరే సమయానికి గంట ముందే మూతపడతాయి. తప్పు బటన్ నొక్కి వెనక్కి వచ్చి సరిచేసుకునే తీరిక ప్రయాణికుడికి ఉండదు. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. బటన్ మీది వాక్యాన్ని రాసేది సంస్థ, కానీ నొక్కిన క్షణం నుంచి అది ప్రయాణికుడు అన్న మాటగా చెలామణి అవుతుంది: ఆయన ఒప్పుకున్నాడు, ఆమె వద్దంది, వారు డబ్బు కట్టారు అని లెక్కలో పడుతుంది. ఒకరు రాసి మరొకరి నోట పలికించే వాక్యాన్ని దస్తావేజు రాసేంత జాగ్రత్తతో రాయవలసి ఉంటుందన్నదే ఈ లేఖలోని ప్రధానమైన వాదన.

ఆ దస్తావేజును చదివేవారు ఎవరన్నది మొదట తేలాలి. భారతీయ పాస్‌పోర్టు విధానంలో ‘ఈసీఆర్’ అన్న వర్గం ఒకటి ఉంది; పదో తరగతి ఉత్తీర్ణులు కానివారు సౌదీ అరేబియా, యూఏఈ, కువైట్, ఖతర్ వంటి నిర్ణీత దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లాలంటే, 1983 నాటి వలసల చట్టం కింద ప్రభుత్వ అనుమతి పొందాలని దాని భావం. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారిలో ఈ వర్గానికి చెందినవారు తరతరాలుగా ఉన్నారు, వారు విమానం ఎక్కే చోటు శంషాబాద్. అంటే, చదువు తక్కువ కనుక ప్రత్యేక రక్షణ అవసరమని సాక్షాత్తూ చట్టమే గుర్తించిన ప్రయాణికులు ఈ విమానాశ్రయంలో ఉన్నారు. అదే ప్రయాణికుల చేతికి ప్రయాణ వెబ్‌సైట్లు అత్యధికంగా ఇంగ్లీషు బటన్లనే అందిస్తున్నాయి. వీరికి తోడు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లల దగ్గరకు మొదటిసారి వెళ్లే తల్లిదండ్రులు ఉన్నారు. టికెట్‌ను కొడుకో కూతురో అక్కడి నుంచే కొంటారు. కానీ విమానం ఆలస్యమైనప్పుడు, గేటు మారినప్పుడు వచ్చే సందేశంలోని బటన్‌ను నొక్కవలసింది క్యూలో ఒంటరిగా నిలబడ్డ తల్లే.

తెలుగులో పెడితే చాలదా అంటే చాలదు. యంత్రానువాదంతో వచ్చే తెలుగు బటన్లు కొన్నిచోట్ల ఇంగ్లీషు కంటే ఎక్కువ గందరగోళం చేస్తాయి. వాటిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది రద్దుకు సంబంధించిన గడి. తెర మీద “టికెట్ రద్దు చేయాలా?” అన్న ప్రశ్న, దాని కింద “రద్దు”, “సరే” అని రెండు బటన్లు ఉన్నాయనుకుంటే, “రద్దు” నొక్కినప్పుడు రద్దయ్యేది టికెట్టా, లేక టికెట్ రద్దు చేయాలన్న ఆలోచనా అన్నది ఎంత చదువుకున్నవారికీ తేలదు. ఇంగ్లీషు సాఫ్ట్‌వేర్‌లో గడి మూయడానికి అలవాటుగా వాడే పదాన్ని నిఘంటువు చూసి తెలుగులో దింపడం వల్ల వచ్చిన చిక్కు ఇది. “టికెట్ రద్దు చేసుకుంటాను”, “టికెట్ ఉంచుకుంటాను” అని రెండు బటన్లు పెట్టి, మొదటిదాని పక్కనే తిరిగి వచ్చే మొత్తం ఎంతో, ఎన్నాళ్లకు వస్తుందో రాస్తే సందేహానికి చోటు ఉండదు. రెండు బటన్లనూ ప్రశ్న చదవకుండా విడివిడిగా చదివినా అర్థం కావాలన్నది ఇక్కడి సూత్రం, ఎందుకంటే తొందరలో ఉన్నవారు ప్రశ్నను చదవరు.

ఈ ఉదాహరణలో తెలుగు వాక్యనిర్మాణానికి చెందిన ఒక సదుపాయం కూడా కనిపిస్తుంది. తెలుగు క్రియ తన చివర కర్తను మోస్తుంది కనుక “ఉంచుకుంటాను” అన్న ఒక్క పదంలోనే మాట్లాడుతున్నది ప్రయాణికుడని తెలిసిపోతుంది. “ఎంచుకోండి” అంటే సంస్థ ఆయనను కోరుతున్నదని తెలుస్తుంది. కాబట్టి ఒక పనికి ఆహ్వానించే చోట ‘అండి’తో ముగిసే రూపాన్ని, రెండింటిలో ఒకదానికి జవాబు చెప్పవలసిన చోట ‘ను’తో ముగిసే రూపాన్ని వాడితే, ఎవరి మాట ఏదన్నది వ్యాకరణమే విడదీసి చూపుతుంది. అలాగే తెలుగులో ‘చేయండి’కీ ‘చేసుకోండి’కీ మధ్య ఉన్న తేడా తెలియని తెలుగువారు ఉండరు: ఫలితం చేసినవారికే చెందేటప్పుడు ‘కొను’ చేరుతుంది. బోర్డింగ్ పాస్ డౌన్‌లోడ్ చేసుకోవాలి, సీటు ఎంచుకోవాలి; రుసుము మాత్రం చెల్లించాలి. పుటలోని బటన్లను ఈ దృష్టితో ఒకసారి చదివితే, ఏది ప్రయాణికుడి మేలు కోసమో, ఏది సంస్థ రాబడి కోసమో తెలుగే బయటపెడుతుంది. అది కొన్ని సంస్థలకు ఇబ్బంది కలిగించవచ్చు గానీ ప్రయాణికులకు మేలే.

ఇంగ్లీషు మార్గదర్శకాలు బటన్ మాటను క్రియతో మొదలుపెట్టమంటాయి. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది కనుక ఆ సూత్రాన్ని ఇక్కడ పాటించనవసరం లేదు, పాటించాలని చూస్తే భాష విరిగిపోతుంది. పైగా నష్టమేమీ లేదు: “బోర్డింగ్ పాస్ తీసుకోండి” అన్నప్పుడు ప్రయాణికుడు వెతుకుతున్న వస్తువు పేరే ముందు కంటబడుతుంది. ఆ వస్తువు పేరు జనం నోట ఉన్నదే కావాలి. బోర్డింగ్ పాస్‌ను సంస్కృత సమాసంగా మార్చి పెడితే భాషాభిమానం ప్రకటితమవుతుందేమో గానీ ప్రయాణికుడు గేటు దగ్గర ఆ పత్రం ఏదో తెలియక నిలబడతాడు. “సమర్పించు”, “ప్రవేశించు” వంటి రూపాల సంగతి వేరు. అరవై ఏళ్ల పెద్దమనిషిని కౌంటరులోని ఏ అమ్మాయీ అలా ఏకవచనంలో ఆజ్ఞాపించదు, తెర మాత్రం ఆజ్ఞాపిస్తుంది. సమర్పించడం దేవుడికీ దరఖాస్తుకూ తగిన మాట. నొక్కితే ఏమి జరుగుతుందో ఆ పనిని పేరుపెట్టి చెప్పడం మేలు: “వివరాలు పంపండి”, “₹450 చెల్లించి సీటు తీసుకోండి”. చెల్లింపు బటన్ మీదే మొత్తాన్ని అంకెలలో చూపడం ఇంతవరకు చెప్పినవాటన్నిటికంటే చవకైన సంస్కరణ.

బటన్ మాటలో చిన్న మార్పు ఎంత తేడా తెస్తుందో చెప్పడానికి వెబ్ రూపకల్పన రంగంలో తరచుగా ఉదహరించే సంఘటన ఒకటి ఉంది. అమెరికాలోని ఒక పెద్ద ఆన్‌లైన్ దుకాణంలో డబ్బు కట్టే ముందు ‘రిజిస్టర్’ అన్న బటన్ వచ్చేది. ఖాతా తెరవడం ఇష్టం లేని కొనుగోలుదారులు అక్కడితో వెనుదిరిగేవారు. ఆ బటన్‌ను ‘కంటిన్యూ’గా మార్చి, కొనడానికి ఖాతా అవసరం లేదని పక్కన ఒక వాక్యం రాయగా కొనుగోళ్లు 45 శాతం పెరిగాయని, మొదటి ఏడాదిలో 30 కోట్ల డాలర్ల అదనపు అమ్మకాలు జరిగాయని రూపకల్పన నిపుణుడు జారెడ్ స్పూల్ 2009లో వివరించారు. ఇందులో గమనించవలసింది కొత్త పదంలో ఉన్న ఆకర్షణను కాదు. కొనేవారి మనసులో ఉన్న భయానికి బటన్ పక్కనే జవాబు దొరకడాన్ని.

బ్రిటన్‌లో ప్రభుత్వ వెబ్‌సైట్ మీద 2013లో జరిగిన పరీక్ష దీనికంటే ఎక్కువ నేర్పుతుంది. వాహన పన్ను కట్టడం పూర్తయిన పుటలో, అవయవదాతలుగా నమోదు కావాలని కోరే వాక్యాన్ని ఎనిమిది రకాలుగా రాసి, పది లక్షలమందికి పైగా సందర్శకులకు యాదృచ్ఛికంగా పంచి చూపారు. తమకే అవయవం అవసరమైతే తీసుకుంటారా, అయితే ఇతరులకు సాయపడండి అన్న భావంతో రాసిన వాక్యానికి అన్నిటికంటే ఎక్కువ స్పందన వచ్చింది. ఏ మార్పూ లేని పుటతో పోలిస్తే ఏడాదికి దాదాపు 96,000 నమోదులు అదనంగా వస్తాయని లెక్కగట్టారు. మనుషుల గుంపు బొమ్మ పెట్టిన పుట మాత్రం బొమ్మ లేని పుట కంటే వెనకబడింది. నిర్వాహకుల ఊహ ఏదైనా, పరీక్షించి చూడనిదే ఏ వాక్యం పనిచేస్తుందో తెలియదని ఆ గుంపు బొమ్మ తేల్చిచెప్పింది. తెలుగు బటన్ల విషయంలో ఇటువంటి పరీక్షకు శంషాబాద్ కంటే అనువైన చోటు దొరకదు; ప్రతిరోజూ వేలమంది తెలుగువారు అక్కడ గంటల తరబడి, చేతిలో ఫోన్‌తో, వేరే పని లేకుండా కూర్చుని ఉంటారు.

లిపి గురించి ఒక మాట. ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు కొలిచి చేసిన గడిలో తెలుగు పదం పెడితే కింది వత్తులు కత్తిరించుకుపోతాయి. ‘రద్దు’లో ద వత్తు పోతే మిగిలేది అర్థం లేని అక్షరాల జంట. వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ3సీ 2023 అక్టోబరులో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం మామూలు పరిమాణంలోని అక్షరాలకూ వాటి వెనుక రంగుకూ మధ్య కనీసం 4.5:1 వ్యత్యాసం ఉండాలి, నొక్కే గడి కనీసం 24 పిక్సెళ్ల వెడల్పు, ఎత్తు కలిగి ఉండాలి. చూపు లేనివారికి తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ పుటలోని లింకులన్నిటినీ జాబితాగా వినిపించగలదు కనుక, పుటలో నాలుగు చోట్ల “ఇక్కడ నొక్కండి” అని ఉంటే వారికి నాలుగు సార్లు అదే మాట వినిపిస్తుంది, ఎక్కడికి దారితీస్తుందో తెలియదు. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవన హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు చెప్పిన తర్వాత దీనిని సౌజన్యంగా భావించే వీలు లేదు.

ఇంతవరకు చెప్పినది ‘ఔను’ అనిపించే బటన్ల గురించి. విమానయాన సంస్థలు నిజంగా ఆలోచించవలసింది ‘వద్దు’ అనే బటన్ గురించి. వినియోగదారుల పరిరక్షణ చట్టం, 2019 కింద కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ‘డార్క్ ప్యాటర్న్’ల మీద మార్గదర్శకాలు జారీ చేసింది. తెర రూపకల్పనతో వినియోగదారుడిని మభ్యపెట్టి, అతడు కోరని పని చేయించే పద్ధతులను ఆ పేరుతో పిలుస్తారు. మార్గదర్శకాలు వాటిని 13 రకాలుగా గుర్తించాయి. వాటిలో ఒకటి, వద్దన్నవారిని సిగ్గుపడేలా చేసి ఒప్పించడం. దానికి ఆ పత్రంలో ఇచ్చిన ఉదాహరణ విమాన టికెట్టుకు సంబంధించినదే: బీమా తీసుకోని ప్రయాణికుడి చేత, తాను రక్షణ లేకుండానే ఉంటానని తెర మీద అనిపించడం. మార్గదర్శకాలు రాసినవారికి ఉదాహరణ కోసం విమాన టికెట్ల పుటే గుర్తుకు రావడం ఈ రంగం సాధించిన ఖ్యాతిని బట్టి జరిగిందే కావచ్చు. 2025 జూన్‌లో అదే ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ వేదికలన్నీ మూడు నెలల్లో తమ పుటలను తామే పరిశీలించుకోవాలని కూడా సూచించింది.

గల్ఫ్‌కు వెళ్లే కార్మికుడి దృష్టిలో చూస్తే ఈ బీమా బటన్ మరింత సమస్యాత్మకం. ఈసీఆర్ వర్గం కార్మికులకు ‘ప్రవాసీ భారతీయ బీమా యోజన’ తప్పనిసరి. అది వలస అనుమతితో ముడిపడిన ప్రభుత్వ పథకం. టికెట్ పుటలో “బీమా జోడించండి” అన్న మాట ఎదురైతే, అది ఆ తప్పనిసరి బీమాయేననీ, తీసుకోకపోతే ఇమిగ్రేషన్ దగ్గర ఆపేస్తారనీ అతడు అనుకోవడానికి పూర్తి అవకాశం ఉంది. “ఇది ప్రభుత్వం అడిగే బీమా కాదు, ఇష్టమైతేనే తీసుకోవచ్చు” అన్న చిన్న వాక్యం ఆ సందేహాన్ని తీరుస్తుంది. సీటు ఎంపికదీ ఇదే కథ. 2018 నవంబరులో ఒక విమానయాన సంస్థ వెబ్ చెక్-ఇన్‌లో అన్ని సీట్లకూ రుసుము ఉంటుందని ప్రకటించినప్పుడు ప్రయాణికులు తీవ్రంగా విమర్శించారు, విషయాన్ని సమీక్షిస్తామని పౌర విమానయాన శాఖ ప్రకటించవలసి వచ్చింది. డబ్బు కట్టకుండా ముందుకు సాగే దారి తెర మీద ఉన్నా అది బూడిదరంగు చిన్న అక్షరాలలో ఒక మూలన ఉంటే, లేనట్టే లెక్క. “సీటు ఎంచుకోకుండా చెక్-ఇన్ పూర్తి చేసుకుంటాను” అన్న బటన్ “₹450 చెల్లించి సీటు తీసుకోండి” అన్నదానితో సమానమైన పరిమాణంలో, సమానమైన రంగులో ఉండాలని కోరడం అత్యాశ కాదు.

ఇక డిజియాత్ర. ముఖాన్ని గుర్తించి విమానాశ్రయంలోకి పంపే ఈ విధానం 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలలో మొదలై మరుసటి ఏడాది హైదరాబాద్‌కు, విజయవాడకు విస్తరించింది; దానిని నడిపే లాభాపేక్ష లేని సంస్థలో హైదరాబాద్ విమానాశ్రయ సంస్థకు కూడా వాటా ఉంది కనుక ఈ అంశం నేరుగా దానికే వర్తిస్తుంది. ఇది ఐచ్ఛికమని ప్రభుత్వం పలుమార్లు చెప్పింది; అయినా ప్రవేశద్వారాల వద్ద సరిగా వివరించకుండానే ముఖాన్ని నమోదు చేస్తున్నారన్న ఫిర్యాదులు దేశంలోని పలు విమానాశ్రయాల నుంచి పత్రికలకెక్కాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతులు లేకుండా, సందేహానికి తావులేని స్పష్టమైన చర్యతో ఇచ్చినదై ఉండాలని ఆరవ సెక్షన్ చెబుతుంది. సమ్మతి కోరే విన్నపాన్ని ఇంగ్లీషులోగానీ, రాజ్యాంగంలోని ఎనిమిదో షెడ్యూలులో ఉన్న ఏ భాషలోగానీ చదువుకునే అవకాశం ఇవ్వాలంటుంది. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడం, ఇచ్చినంత సులభంగానే ఉండాలంటుంది. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, బాధ్యతలు దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి.

చట్టం చెప్పిన ఆ స్పష్టమైన చర్య ఆచరణలో ఒక బటన్‌ను నొక్కడమే. అందువల్ల “అంగీకరిస్తున్నాను” అన్న ఒంటరి పదం ఇక్కడ పనికిరాదు. దేనికి అంగీకారమో అందులో లేదు. “ముఖం చూపించి లోపలికి వెళతాను”, “గుర్తింపు కార్డు చూపించి వెళతాను” అని పక్కపక్కనే రెండు బటన్లు ఉండి, ముఖచిత్రం ఎవరి దగ్గరకు వెళుతుందో, విమానాశ్రయ వ్యవస్థలో 24 గంటల్లోగా తొలగిస్తామన్న హామీ ఉన్నదో లేదో మొదటిదాని కిందే రెండు వాక్యాలలో ఉంటే, నొక్కినవారు నిజంగా సమ్మతించారని చెప్పుకోవచ్చు. రెండో బటన్ లేని తెర మీద మొదటి బటన్‌ను ఎంతమంది నొక్కినా అది సమ్మతికి లెక్క కాదు.

ఆర్టీసీకి చెప్పవలసింది తక్కువే, ఎందుకంటే తెలుగు ప్రయాణికుడితో తెలుగులో మాట్లాడే అలవాటు ఆ సంస్థకు ఎప్పటినుంచో ఉంది. సరిపడ చిల్లర ఇచ్చి సహకరించమని బస్సు గోడ మీద రాసిన మాటలో ఏమి చేయాలో, ఎందుకు చేయాలో రెండూ ఉన్నాయి, మర్యాద కూడా ఉంది. 2023 ఆగస్టులో బస్సుల జాడ తెలిపే యాప్ తెచ్చినప్పుడు దానికి ‘గమ్యం’ అని పేరు పెట్టగలిగిన సంస్థ, విమానాశ్రయానికి వెళ్లే పుష్పక్ బస్సు కోసం చూసేవారికి “శంషాబాద్‌కు తరువాతి బస్సు చూడండి” అన్న బటన్‌ను మొదటి తెర మీదే పెట్టడం కష్టమేమీ కాదు. అర్ధరాత్రి సామానుతో టెర్మినల్ బయటికి వచ్చినవారికి తిరుగు ప్రయాణపు బటన్ అంతకంటే అవసరం.

విమానాశ్రయ సంస్థలో కేంద్రం తరఫున విమానాశ్రయాల ప్రాధికార సంస్థకు 13 శాతం, రాష్ట్ర ప్రభుత్వానికి 13 శాతం వాటా ఉంది. ప్రజాధనంలో ఆ మేరకు భాగం ఉన్న సంస్థ నుంచి ప్రజల భాషలో స్పష్టమైన మాటను కోరడానికి వేరే ఆధారం అక్కర్లేదు. కాబట్టి ఈ లేఖ ద్వారా చేస్తున్న విన్నపం ఇది: విమానాశ్రయ సంస్థ, అక్కడి విమానయాన సంస్థలు, ఆర్టీసీ కలిసి చెక్-ఇన్, సీటు, బీమా, రద్దు, ముఖ నమోదు, బస్సు అన్న ఆరు సందర్భాలకు తెలుగు బటన్ మాటలను ఉమ్మడిగా తయారు చేయించాలి, తయారైన వాటిని అనువాదకుల ఆమోదంతో సరిపెట్టకుండా, బయలుదేరే గేట్ల దగ్గర ఉన్న గల్ఫ్ కార్మికులకు, మొదటిసారి విమానం ఎక్కే పెద్దలకు చూపించి, “ఇది నొక్కితే ఏమవుతుందనుకుంటున్నారు?” అని నొక్కకముందే అడిగించాలి, జవాబు తప్పిన ప్రతి మాటనూ తిరగరాయించాలి. ఎన్ని మాటలు తప్పాయో, వాటిని ఎలా మార్చారో ఏడాదికొకసారి బహిరంగంగా ప్రకటించాలి. ‘వద్దు’ అనే బటన్లతో ఈ పని మొదలుపెడితే మంచిది.